నల్ల పట్ట మీద షామియానా

ఈ చెత్త కుంట ప్రొద్దుటూరుదో, జమ్మలమడుగుదో, పులివెందులదో చెప్పను. ఒక ఊరి పేరు చెబితే మిగతా రెండు ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. మీ చెత్త ఎక్కడికి పోతోందని అడిగితే ఆ నవ్వు ఆగిపోతుంది. మూడు ఊళ్ళలోనూ నాకు చుట్టాలున్నారు, మూడు ఊళ్ళలోనూ నా పత్రిక చదివేవాళ్ళున్నారు. కాబట్టి ఏ ఊరివాళ్ళు తమ ఊరిదే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అన్ని ఊళ్ళలాగే ఆ ఊరూ చాలాకాలం చెత్తను రోడ్డు పక్కన పోసి, నిప్పు పెట్టి, పొగను పక్క ఊరికి పంపించేది. తర్వాత పద్ధతి ప్రకారం ఒక కుంట కట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఊరికి దూరంగా, దేనికీ పనికిరాని ఒక రాళ్ళ మిట్టను ఎంచుకున్నారు. పనికిరాదన్నది కాగితం మీది మాట. మిట్ట దిగువన ఒక రైతు చీనీ తోట ఉంది. చీనీ అంటే బత్తాయే. తోటలో మూతలు బిగించిన ఇనుప పైపులు నాలుగు నిలబడి ఉంటాయి. అవి నీళ్ళు పడని బోర్లు. అయిదోది పడింది. చెట్లకూ, ఇంటికీ, గొడ్లకూ ఆ ఒక్క బోరే ఆధారం. మిట్ట మీద పడిన వాన ఎటు దిగుతుందో కనుక్కోవడానికి ఆ రైతుకు ఏ నిపుణుడూ అక్కర్లేదు.

ప్రజల అభిప్రాయం వినడానికి బడి ఆవరణలో సభ పెట్టినప్పుడు ఆయనే మొదట లేచాడు.

"అయ్యా, చెత్త మీది. వాన దేవునిది. బోరు నాది. మీ చెత్త మీద దేవుని వాన పడి నా బోరులోకి దిగితే ఎవురిని అడగల్ల?"

గుత్తేదారు తరఫు ఇంజనీరు ఓపికగా చెప్పాడు. గుంత తవ్వి, అడుగున బంకమట్టి పోసి గట్టిగా తొక్కిస్తారు. దాని మీద మందపాటి నల్ల ప్లాస్టిక్ పరుస్తారు. పట్టకూ పట్టకూ వేడితో అతికి మొత్తం ఒకే పట్ట చేస్తారు. దాని మీద కంకర, కంకరలో పైపులు. చెత్తలోంచి దిగే నల్లటి ఊట ఆ పైపుల్లో పడి తొట్టిలోకి పోతుంది. భూమిలోకి చుక్క దిగదు.

చేతిలో ఉన్న ప్లాస్టిక్ ముక్కను సభలోకి పంపించాడు. అందరూ తడిమి చూసి పక్కవాడికిచ్చారు. రైతు దాన్ని పంటి కింద పెట్టి కొరికాడు.

"గట్టిగానే ఉండాది. అతుకు కాడ?"

"అతుకు పట్ట కన్నా గట్టిగా ఉంటుంది."

"అతుకు గట్టిగా ఉండే వస్తువు నా జన్మలో చూళ్ళేదు సారూ. ఒక్కటి చూపిచ్చండి, యాడంటే ఆడ ఏలిముద్ర ఏస్తా."

సభ నవ్వింది. ఆయన నవ్వలేదు. మర్నాడు నా వార్తలో 'ప్రజలు సానుకూలంగా స్పందించారు' అని వచ్చింది. నవ్వడం సానుకూలతే కదా.

పట్ట చుట్టలు ఎర్రగుంట్ల మీదుగా, సిమెంటు లారీల వరుసలో ఇరుక్కుంటూ వచ్చాయి. అతికే వెల్డరు జమ్మలమడుగు వైపు వాడు. అంతకుముందు పొలాల్లో ప్లాస్టిక్ పైపులు అతికేవాడట. తెల్లవారుతూనే పని మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ఆపేసేవాడు. ఎండెక్కితే పట్ట సాగి అలలు అలలుగా పైకి లేస్తుంది; అప్పుడు అతికితే చల్లబడ్డాక లాగేస్తుంది. ఒక పట్ట అంచు మీద ఇంకో పట్ట అంచు వేసి, మధ్యలో కాలిన ఇనుప నాలుక ఉన్న చిన్న యంత్రాన్ని నడిపించేవాడు. అది పాకిన దారిలో రెండు గీతలుగా అతుకు పడేది. రెండు గీతల మధ్య సన్నటి ఖాళీ. పని అయ్యాక ఆ ఖాళీలోకి సూది గుచ్చి గాలి కొట్టి, మీటరు ముల్లు చూస్తూ కూర్చునేవాడు. ముల్లు పడిపోతే ఎక్కడో కారుతోందని.

రైతు రోజూ వచ్చి మీటరుకు అవతలి పక్క గొంతుక్కూర్చునేవాడు.

"ముల్లు కదిలింది భాయ్."

"కదల్లేదు మామా. నువ్వు తల కదిపితివి."

"నా తల నా మెడ మీద గట్టిగానే ఉండాది. నువ్వు నీ అతుకు చూడు."

గుంత అంచున వెల్డరు ఒక తాడు కట్టించి బోర్డు పెట్టించాడు: 'చెప్పులు ఇచ్చట విడువవలెను'. మొదటిరోజు రైతు దాన్ని చదివి, "ఇదేమన్నా దర్గానా?" అన్నాడు.

"దర్గాలో చెప్పులేసుకుంటే పాపమొకటే మామా. ఈడ ఏసుకుంటే చెప్పు కింద గులకరాయి ఉంటాది, బొక్క పడతాది."

రైతు చెప్పులు విప్పాడు. తర్వాత ఆయనే కాపలాదారయ్యాడు. నేను ఒకసారి పరధ్యానంగా అడుగు పెట్టబోతే, "సామీ, కాళ్ళు!" అని కేకేశాడు. పని ముగిసేసరికి మీటరు చదవడంలో ఇంజనీరు కన్నా గట్టివాడయ్యాడు. చివరి అతుకు పరీక్ష నెగ్గిన రోజు, "ఒప్పుకుంటాండా. అతుకు గట్టిదే" అన్నాడు. వెల్డరు సలాం కొట్టాడు. ఇంజనీరు పరీక్షల కాగితాల మీద సంతకం చేసి పైకి పంపించాడు. వెల్డరు యంత్రం సర్దుకుని ఎర్రగుంట్ల వెళ్ళిపోయాడు, అక్కడినుంచి ఇంకో పనికి పోవాలని.

ఇక మిగిలింది ప్రారంభోత్సవం. కంకర పోశాక చేస్తే చూడటానికి ఏముంటుంది? నల్లగా మెరిసే పట్ట కనబడుతుండగానే చేయాలన్నారు. పత్రికవాడిగా ఆ మాట నాకు సబబుగానే తోచింది.

ముఖ్య అతిథి బోర్డు చదివి బూట్లు విప్పారు. ఆయన విప్పాక విప్పనివాళ్ళెవరు? అధికారులు విప్పారు, నాయకులు విప్పారు, తుపాకీ పట్టుకున్న అంగరక్షకుడు కాసేపు తటపటాయించి తన బూటు తాళ్ళు ఊడదీశాడు. తాడు పక్కన వరుసగా తీరిన బూట్లను ఫొటో తీశాను. భూమి పట్ల అంత భక్తి మా జిల్లాలో నేనెప్పుడూ చూడలేదు.

అయితే నల్ల ప్లాస్టిక్‌కు భక్తి తెలియదు. పొద్దున పది దాటితే అది పెనం. ఈ సంగతి ముందే ఊహించి, గుంత అడుగున చదునైన చోట, కుర్చీలూ షామియానాలూ అద్దెకిచ్చే సప్లయర్స్ వాళ్ళతో తివాచీ పరిపించారు, పెద్ద షామియానా వేయించారు. పెద్దలందరూ అంచునుంచి తివాచీ దాకా గబగబా నడిచారు. ఆ నడకను మేం వార్తల్లో 'ఉత్సాహంగా' అని రాస్తాం.

పత్రికలవాళ్ళకు షామియానా బయట, తివాచీ చివర ఎండలో కుర్చీలు వేశారు. అరికాళ్ళు కాలుతున్నాయి. అక్కడున్నవాళ్ళలో అందరికన్నా పాతవాణ్ణి నేను. పాతవాళ్ళకు గొణిగే హక్కు ఉంటుంది కాబట్టి సప్లయర్స్ ఆయన్ను పిలిచాను.

"ఏమప్పా, పేపరోళ్ళు మనుషులు కాదా? మాకు నీడ వద్దా?"

"రెండు నిమిషాలు సార్," అన్నాడాయన.

రెండు నిమిషాల్లో మా మీదికి చిన్న షామియానా వచ్చింది. మైకులో ముఖ్య అతిథి, తరతరాల కోసం భూగర్భ జలాన్ని కంటికి రెప్పలా కాపాడుకోవాలని చెబుతున్నారు. మా వెనక ఠంగు ఠంగుమని సమ్మెట దెబ్బలు. ఆయన ఒకసారి ఆగి, చప్పుడు తగ్గాక మళ్ళీ అందుకున్నారు. ఆ ఆగిన చోట నేను మాటలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకోగలిగాను. చప్పుడు నాకు వినబడింది. నీడ వస్తోందని అర్థమైంది. అంతకుమించి అర్థం కాలేదు.

ఇంటికొచ్చి, వార్త పంపించి, భోంచేసి నడుం వాల్చాను. ఫోన్ మోగింది. రైతు.

"సామీ, యాడుండావు?"

"ఇంట్లో."

"రాసినావా?"

"రాసినా."

"ఏమని?"

"ఘనంగా జరిగిందని."

"ఘనంగానే జరిగింది. ఒకతూరి వచ్చి చూసిపో."

వెళ్ళాను. షామియానాలు విప్పేశారు, తివాచీ చుట్టేశారు, మేకులు గోతాంలో వేసుకుని సప్లయర్స్ బండి వెళ్ళిపోయింది. ఖాళీ నల్ల పట్ట మీద అక్కడక్కడ చీనీకాయలు కనబడ్డాయి. రాయి పెడితే పట్టకు గీత పడుతుందని రైతు తన తోట కాయలు తెచ్చి ఒక్కో బొక్క పక్కన ఒక్కోటి పెట్టాడు. ఏడు కాయలున్నాయి.

"పెరికేటప్పుడు చూసినాను సామీ. గడ్డపారతో పెళ్ళగిస్తాండారు. నేను అరిచేలోపల సగం పెరికేసినారు. నల్లదాంట్లో నల్ల బొక్క, యాడని వెతికేది? ఏడు దొరికినాయి."

ఒక బొక్కలో వేలు దూర్చి పైకి తీసి చూపించాడు. వేలి మొదటి దాకా బంకమట్టి. నెలల తరబడి మీటరు ముల్లుకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి కష్టం ఆ వేలి మీద ఉంది. మర్నాడు పొద్దున కంకర లారీలు వస్తాయి. కంకర పడ్డాక ఆ బొక్కలు ఇక ఎవరికీ దొరకవు, ఆయన బోరుకు తప్ప.

గుంత పక్క రేకుల షెడ్డులో ఇంజనీరు ఉన్నాడు. విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"పరీక్షలు అయిపోయినాయి సార్. రిపోర్టు పైకి పోయింది. రిపోర్టు ప్రకారం బొక్కల్లేవు."

"అయితే చెత్త ఆ రిపోర్టులోనే పోయండి," అన్నాడు రైతు.

ఇంజనీరు నావైపు తిరిగాడు. "మేకులు కొట్టేటప్పుడు నేను రోడ్డు కాడ కార్లకు ఎదురు పోయినా సార్. వచ్చేసరికి షామియానా లేచింది. పెద్దోళ్ళు కూర్చున్నాక లేపమంటానా? రెండోది మీకోసమే వేసినారంట."

ఆ చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. పత్రికలో రాస్తానని బెదిరించి లారీలు ఆపించవచ్చనే ఆలోచనతోనే షెడ్డులోకి వెళ్ళాను. ఆ వార్తలో నీడ అడిగినవాడి సంగతి కూడా రాయాల్సి వస్తుందని అప్పుడు తట్టింది. బెదిరించలేదు. కాసేపటికి ఆయనే మెత్తబడ్డాడు. లారీలను మధ్యాహ్నం దాకా ఆపుతానన్నాడు. ఈలోపల అతికేవాణ్ణి తెచ్చుకుంటే తెచ్చుకోమన్నాడు.

వెల్డరు ఇంకా ఎర్రగుంట్లలోనే ఉన్నాడు. ఫోన్‌లో సంగతంతా చెప్పాను.

"బోర్డు పెట్నాను గదా సార్."

"అందరూ చదివినారు. అందరూ చెప్పులు విప్పినారు."

"మల్ల?"

రైతు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "మేకులు చెప్పులేసుకోలేదు గదా భాయ్. ఎవురాపుతారు?"

మర్నాడు పొద్దునే వెల్డరు ఆటోలో దిగాడు. అతుకు పోసే తుపాకీలాంటి పనిముట్టు, గాజు మూత ఉన్న పెట్టె తెచ్చాడు. అతికిన చోట సబ్బు నీళ్ళు పూసి, ఆ పెట్టె బోర్లించి గాలి పీలిస్తే, ఎక్కడైనా కారుతుంటే బుడగ లేస్తుంది. సప్లయర్స్ ఆయన్ను కూడా పిలిపించాం. మేకులు గోతాంలో పోసుకుని పోవడమే తప్ప లెక్కపెట్టే అలవాటు వాళ్ళకు లేదు.

"పెద్ద షామియానాకు పదహారు సార్, అది మామూలే. చిన్నదానికి నాలుగు మూలలు."

కాయలు పెట్టిన ఏడూ పెద్దదానివే. మిగతా తొమ్మిదింటి జాడ ఎలా పట్టడం? నా ఫొటోలు గుర్తొచ్చాయి. ఆ పొద్దుటి పత్రికలో అచ్చయిన ఫొటోలో ముఖ్య అతిథి ముఖం, పక్కన నాలుగు ముఖాలు ఉన్నాయి. తాళ్ళూ మేకులూ అనవసరమని డెస్కులో కత్తిరించేశారు. నా ఫోన్‌లో మాత్రం మొత్తం ఉంది. ముప్పై ఏళ్ళలో నా ఫొటోను ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. వెల్డరు పెద్దది చేసి చూస్తూ, "ఈయన బొజ్జ ఎనక ఒక తాడు పోతాంది చూడు మామా," అంటే, రైతు అటు నడిచేవాడు. బొజ్జ వెనక ఒకటి, దండ పక్కన ఒకటి, అలా పదహారూ దొరికాయి. ఒక్కొక్కటీ గీకి, శుభ్రం చేసి, ముక్క వేసి అతికాడు. గాజు పెట్టెలో బుడగ లేవలేదు.

మిగిలినవి మా నీడ తాలూకు నాలుగు. వాటికి ఫొటో లేదు. ఫొటోలు తీసేవాళ్ళందరం దాని కిందే కూర్చున్నాం.

రైతు ట్రాక్టరు తొట్టితో తన బోరు నీళ్ళు తెచ్చాడు, ఒక సంచిలో బుడ్డల పొట్టు, అంటే వేరుశనగ పొట్టు, తెచ్చాడు. మా కుర్చీలున్న చోట నీళ్ళు పలచగా వదిలి పొట్టు చల్లాడు. కాలువలో ఎలుక బొక్కను మా రైతులు ఇలాగే పట్టుకుంటారు. పొట్టు ఎక్కడ తచ్చాడుతూ గుమిగూడుతుందో అక్కడ నీళ్ళు దిగుతున్నట్టు. ఇంజనీరు మొదట నవ్వుతూ చూశాడు. ఒక చోట పొట్టు చుట్టూ తిరిగి ముద్దయి, దాని మధ్యలోంచి ఒక బుడగ టప్పుమంది. ఆయన నవ్వడం మానేసి ఫోన్‌లో వీడియో తీశాడు. ఇంకాసేపటికి రెండోది, ఆ తర్వాత మూడోది. దొరికినదాన్ని దొరికినట్టే తుడిచి ఆరబెట్టి వెల్డరు అతికాడు.

నాలుగోది దొరకలేదు. తాళ్ళు ఒక్కో మూల ఒక్కో పొడవున లాగి కడతారు కాబట్టి, మూడు మూలలు దొరికినా నాలుగోది ఇక్కడేనని కొలిచి చెప్పలేం. పొట్టు గాలికి అటూ ఇటూ పోతుందే కానీ ఎక్కడా నిలవదు. పదకొండయింది. పట్ట కింద వేడి పుట్టి అలలు లేవడం మొదలైంది. నీళ్ళు అలల మధ్య పల్లాల్లోకి జారిపోయాయి. ఇక ఆ పద్ధతి పనిచేయదు. గుంత అంచున కంకర లారీలు వరుసగా ఆగి, ఒక్కో డ్రైవరూ ఒక్కోసారి హారను కొడుతున్నాడు.

"నాలుగో మూల మేకు కొట్టినారా అసలు?" అని ఇంజనీరు సప్లయర్స్ ఆయన్ను అడిగాడు.

"అదే గుర్తుకొస్తల్లేదు సార్. ఆడ ఇసక మూట ఉండె. దానికే కట్టినామేమో."

"కట్టినామేమో కాదప్పా. కట్టినారు."

"ఆ, కట్టినాం సార్," అన్నాడాయన వెంటనే.

రైతు ఆయన్ను పట్టించుకోలేదు. నా దగ్గరికొచ్చాడు.

"సామీ, నువ్వాడనే కూర్చోనుంటివి. ఆ మూల నీ కుర్చీ పక్కనే. మేకు ఉన్యా, మూట ఉన్యా? నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టే కానీ."

అందరూ నావైపు చూశారు. రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ముఖ్య అతిథి ఉపన్యాసం వరస తప్పకుండా చెప్పగలను. తివాచీ అంచున ఎర్ర పూలు ఉన్నాయని చెప్పగలను. ఎవరు ఎవరి పక్కన కూర్చోవడానికి అలిగారో చెప్పగలను. నా కుడి మోచేతికి బారెడు దూరంలో భూమిలో ఇనుప మేకు దిగిందో లేదో చెప్పలేను. 'ప్రత్యక్షంగా చూసిన మా విలేకరి' అని నా గురించి పత్రిక ఎన్నోసార్లు వేసింది. లేదంటే లారీలు కదులుతాయి, అందరూ ఇళ్ళకు పోతారు, నేను కూడా. ఉందంటే దొరకని దాన్ని నేను చూపించాలి.

"చూళ్ళేదు," అన్నాను.

"చూళ్ళేదంటే లేనట్టే గదా సార్," అన్నాడు ఇంజనీరు ఆశగా.

"ఎట్లయితాది సారూ? నేను మీ నాయనను చూళ్ళేదు. లేకుండానే పుట్టినావా?" అన్నాడు రైతు. తువ్వాలు మడిచి పట్ట మీద వేసుకుని, సుమారుగా ఆ మూలనే అనిపించిన చోట కూర్చున్నాడు. "పోయించు కంకర. నా మీదనే పోయించు."

ఎండ మండుతోంది. ఆయన లేవలేదు. హారన్లు ఆగిపోయాయి, డ్రైవర్లు దిగి అంచున నిలబడి చూస్తున్నారు. అప్పుడు వెల్డరు జేబులోంచి సుద్దముక్క తీసి నా దగ్గరికొచ్చాడు.

"సార్, బొక్క చూపియ్యొద్దు. మీకు యాడి నుంచి యాడికి గుర్తు లేదో అంత మేర నడవండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. బొక్క దొరక్కపోతే అది ఉండగలిగినంత చోటంతా కప్పేస్తానని, మిగిలిన పట్టలో పెద్ద ముక్క ఉందని, తెల్లారి చల్లటప్పుడు అతుకుతానని చెప్పాడు. ఇంజనీరు లెక్కలేవో వేసుకుని, లారీలను అవతలి చివర నుంచి పోయించుకుంటానని, ఈ మూల ఒక్కరోజు వదిలేస్తానని ఒప్పుకున్నాడు.

నేను నడిచాను. కుర్చీ ఇక్కడ ఉందనుకున్న చోట మొదలుపెట్టాను. నా వెనకే వెల్డరు వంగి సుద్దగీత గీస్తున్నాడు. నాకు తెలుసుననుకున్న ప్రతి చోటా ఒక్క క్షణం ఆగితే, తెలియదని తేలింది. ఒక్కో అడుగు బయటికి జరిగాను. కూర్చున్న చోటినుంచే రైతు చూస్తున్నాడు.

"ఇంకో రెండడుగులు జరుపు సామీ. మొగమాటపడొద్దు. నీకు తెలీంది ఇంకా శానా ఉంటాది."

గీత మొదటికి కలిసేసరికి ఒక గదంత అయింది. అప్పటికి రైతు లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే ముక్క పరిచారు. వెల్డరు దాని నాలుగు వైపులా మోకాళ్ళ మీద పాకుతూ అతికాడు. తన రికార్డులో ఇంజనీరు ఆ ముక్కను 'అదనపు పటిష్ఠత' అని రాసుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. సబ్బు నీళ్ళు పూసి గాజు పెట్టెను అతుకు పొడవునా బోర్లిస్తూ పోయారు. రైతు ప్రతిసారీ బోర్లా పడుకుని, చేతులతో వెలుతురు అడ్డం పెట్టుకుని, గాజులోంచి చూశాడు. వెల్డరు పెట్టె లేపబోతే, "ఉండు భాయ్, ఇంకా చూడనీ," అని ఆపాడు. నాలుగో అంచు చివరి జానెడు అయ్యేసరికి ఆయన చొక్కా ముందుభాగమంతా సబ్బు నురగ.

లేచి, అంచు దాకా నడిచి, తాడు దగ్గర చెప్పులు వేసుకున్నాడు. అక్కడ ఆగి ఉన్న లారీ డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

"రానీప్పా. అంచున నిలబెట్టి నిదానంగా దింపు. ఒక్కసారిగా కుమ్మరిస్తివా, నిన్నూ ఈడనే అతికిస్తా."

కంకర మెల్లగా జారింది. దుమ్ము అణిగేదాకా ఆయన అక్కడే నిలబడి చూశాడు.